ఎందుకు? ఎలా? : తోక తిప్పే కారు



ఈ నెల వచ్చిన ఉత్తరాల కట్టలో ఒకటి తక్కినవాటికన్న పొడుగ్గా ఉంది. రాసినవాడు ఎనిమిదో తరగతి చదువుతున్న కుర్రవాడు. పేరు వెయ్యవద్దని కింద గీత గీసి మరీ రాశాడు గనక వెయ్యను. అతనికి వచ్చిన చిక్కు ఇది:

"మా ఇంట్లో కంప్యూటరులో వీధిపందేల ఆట ఒకటి ఉంది. రాత్రిపూట పట్నం వీధుల్లో కార్లు పరుగెత్తించాలి. అందులో డ్రిఫ్టు పందెమని ఒకటుంది. మా అన్నయ్య ఆడితే కారు మలుపులో పక్కకు జారుతూ, టైర్లు పొగలు కక్కుతూ ఉన్నా రోడ్డు దాటిపోదు. నేను ఆడితే బొంగరంలాగా గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంటుంది. పదిహేను రోజులుగా ఇదే వరస. దీనికేమన్నా కిటుకున్నదా?"

ఉత్తరం అక్కడ అయిపోతే బాగుండును. కాని అడుగున చిన్న అక్షరాలతో ఇంకో నాలుగు ముక్కలున్నాయి: "మా పెదనాన్నగారి అబ్బాయి కొత్తగా మోటారుసైకిలు కొన్నాడు. ఆటలో చేసింది బండిమీద చెయ్యడం ఎంతసేపు, ఆదివారం చెరువుగట్టు రోడ్డుమీద చేసి చూపిస్తాను, వెనక కూచుంటావా అంటున్నాడు. కూచోవచ్చునా?"

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఈ పేజీలన్నీ కావాలి. రెండో ప్రశ్నకు ఒక్క మాట చాలు: కూచోవద్దు. ఆ ఒక్క మాటా ఉత్తరం అందిన రోజునే అతనికి రాసి పంపించాను. పత్రిక అచ్చయి వచ్చేదాకా ఆదివారాలు ఆగవు గదా! అయితే ఎందుకు వద్దన్నానో తెలియాలంటే మొదటి ప్రశ్న సంగతి తేలాలి. అంచేత దానితోనే ఆరంభిద్దాం.

మామూలుగా కారు ముక్కు ఎటు ఉంటే అటే పోతుంది. డ్రిఫ్టులో అలా కాదు. ముక్కు ఒకవైపు చూస్తూ ఉంటుంది, కారు ఇంకోవైపు పోతూ ఉంటుంది. వెనకచక్రాలు రోడ్డుమీద పట్టు వదిలి బయటివైపుకు జారుతూ ఉంటాయి. మీలో సైకిలు తొక్కేవాళ్ళకు ఇది కొత్తకాదు. ఇసక చల్లినట్టున్న నేలమీద వెనకబ్రేకు గట్టిగా పట్టుకుంటే సైకిలు తోక సర్రున పక్కకు పోతుంది. అదీ సంగతి. కాకపోతే సైకిలు జారి ఆగిపోతుంది. డ్రిఫ్టులో కారు ఆగకుండా, జారుతూనే మలుపంతా తిరగాలి.

తోకే ఎందుకు పక్కకు పోవాలి? ముక్కు ఎందుకు పోదు? ఇది చెప్పడంకన్న చూపించడం తేలిక. అరచేతి పొడుగు బొమ్మకారు ఒకటి తెచ్చుకోండి. చక్రాలు సులువుగా తిరగాలి. నున్నటి పొడుగాటి చెక్కపలక ఒకటి కావాలి. పలక ఒక కొసను పుస్తకాలమీద ఎత్తుగా పెట్టి జారుడుబల్లలాగా చెయ్యండి. కారును పైకొసన ముక్కు కిందికి ఉండేలా తిన్నగా పెట్టి వదలండి. తిన్నగా దిగివస్తుంది. ఇందులో వింతేమీ లేదు.

ఇప్పుడు వెనకచక్రాలు రెండూ తిరగకుండా సెల్లోటేపు ముక్కతో బిగించండి. ముందుచక్రాలను ముట్టుకోవద్దు. మళ్ళీ పైనుంచి వదలండి. పలక వాలు చాలకపోతే ఇంకో రెండు పుస్తకాలు పెట్టండి. కారు దిగుతూ దిగుతూ మధ్యలో వంకర తిరిగి, గిర్రున మళ్ళి, తోక ముందుగా కిందికి వస్తుంది! మీరు ఎంత తిన్నగా పెట్టి వదిలినా అంతే. ఇక టేపు తీసి ఈసారి ముందుచక్రాలు బిగించి చూడండి. కారు బుద్ధిగా, ముక్కు ముందుగా, గీత గీసినట్టు జారివస్తుంది.

దీనికి కారణం తోపుడుబండిలో ఉంది. అరటిపళ్ళ బండిని ముందుకు నెట్టితే సులువుగా పోతుంది. పక్కకు నెట్టి చూడండి, మొరాయిస్తుంది. తిరిగే చక్రానికి ముందుకు పోవడమంటే ఇష్టం, పక్కకు పోవడమంటే గిట్టదు. తిరగకుండా బిగుసుకున్న చక్రానికి ఈ తేడా లేదు. అది ఇటికరాయితో సమానం. ముందుకు ఈడ్చినా, పక్కకు ఈడ్చినా ఒకే రాపిడి.

బాణం చివర ఈకలెందుకు కడతారో మీకు తెలుసును. బాణం కాస్త వంకర తిరిగిందంటే ఈకలకు గాలి తగిలి తోకను మళ్ళీ వెనక్కు తోస్తుంది. కారుకు వెనకచక్రాలే ఈకలు. కారు కాస్త వంకరపోగానే, పక్కకు జారడం గిట్టని ఆ చక్రాలు దానిని సరిచేస్తాయి. వాటిని బిగించామంటే ఈకలు కత్తిరించినట్టే. ముందుచక్రాలు మాత్రం పక్కకు జారమని పట్టుబడుతూనే ఉంటాయి. అవి ముందున్నాయి గనక వాటి పట్టుదల కారును సరిచెయ్యదు సరిగదా, ఇంకా వంకర తిప్పుతుంది. మన కుర్రవాడి కారు బొంగరం కావడానికి మూలం ఇదే. కారులో హ్యాండ్‌బ్రేకు అనేది సాధారణంగా వెనకచక్రాలనే బిగిస్తుంది. ఆటలో ఆ బటను నొక్కడమంటే బొమ్మకారుకు సెల్లోటేపు వెయ్యడమే! అతను నొక్కిన బటను నొక్కినట్టే ఉంచుతున్నాడని నా అనుమానం.

ఇంకొక సంగతి కూడా తెలియాలి. టైరుకు రోడ్డుమీద ఉండే పట్టు తరగనిది కాదు. తిరణాలకు పోయేటప్పుడు మీ చేతికిచ్చే డబ్బులాంటిది. పది రూపాయలిచ్చారనుకోండి. మిఠాయి అంతా కొనుక్కుంటే రంగులరాట్నం ఎక్కడానికి ఉండదు. టైరు కూడా తన పట్టును రెండు పనులకు ఖర్చుపెట్టాలి. ఒకటి బండిని ముందుకు తొయ్యడమో, ఆపడమో. రెండోది మలుపులో బండిని పక్కకు తిప్పడం. యాక్సిలరేటరు అదిమేసి పట్టంతా తోపుకే ఖర్చుచేస్తే పక్కకు పట్టుకోవడానికేమీ మిగలదు. అప్పుడు తోక జారుతుంది. (పెద్ద తరగతులవాళ్ళకు ఒక మాట. ఈ లెక్క కూడికా తీసివేతా కాదు, పైథాగరస్ లెక్క. పదిలో ఆరు బ్రేకుకు పోతే మలుపుకు మిగిలేది నాలుగు కాదు, ఎనిమిది. లంబకోణ త్రిభుజం గీసి చూసుకోండి.)

వేగం ఈ పద్దును ఎంతలా పాడుచేస్తుందో వినండి. మలుపు తిరగడానికి కావలసిన పట్టు వేగంతోపాటు సమంగా పెరగదు. వేగం రెండింతలైతే పట్టు నాలుగింతలు కావాలి. 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును పొడిరోడ్డుమీద మంచి టైర్లున్న కారు గంటకు సుమారు 45 కిలోమీటర్ల వేగందాకా జారకుండా తిరగగలదు. వానపడి పట్టు సగమైందనుకోండి. సుమారు 32 కిలోమీటర్లు దాటితే జారడం మొదలు. పొడిరోజున ఏ భయమూ లేకుండా తిరిగిన మలుపే, అదే వేగంతో వానరోజున ఒప్పుకోదన్నమాట.

పట్టు తప్పితే ప్రమాదమని అందరూ జాగ్రత్తపడుతూంటే, కావాలని పట్టు తప్పించే ఈ విద్య ఎవరికి తోచింది?

ఇది పెరిగింది జపాను దేశంలో. కునిమిత్సు తకహాషి అనే ఆయన మొదట మోటారుసైకిలు పందెగాడు. ప్రపంచ చాంపియన్‌షిప్పులో ఒక పందెం గెలిచిన మొదటి జపాను దేశస్థుడు ఆయనే. అది 1961వ సంవత్సరం. ఆ మరుసటి ఏడు ఇంగ్లండు పక్కనున్న మాన్ దీవిలో జరిగే పెద్ద పందెంలో బండిమీదనుంచి పడి, ప్రాణాలమీదికి తెచ్చుకున్నాడు. తరవాత కార్ల పందేలకు మారాడు. 1970ల పందేలలో ఆయన మలుపును మామూలుకన్న ఎక్కువ వేగంతో అందుకుని, తోక జార్చి, జారుతూనే బయటపడేవాడు. జనం గెలుపోటముల మాట మరిచిపోయి ఆ జారుడు చూడటానికే వచ్చేవారు.

ఆయనను చూసి ముచ్చటపడిన కుర్రవాళ్ళలో కేయిచి త్సుచియా ఒకడు. 1956లో పుట్టాడు. పందెపు మైదానాలకు డబ్బు కట్టగల స్తోమతు అందరికీ ఉండదు గదా! అతనిలాంటి వాళ్ళు రాత్రివేళ కొండ కనుమదారులకు పోయి అభ్యాసం చేసేవారు. మన తిరుమల ఘాటురోడ్డు చూసినవాళ్ళు ఆ దారులను ఊహించుకోవచ్చు. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, మెలికమీద మెలిక. 1987లో త్సుచియా కనుమదారిలో కారు నడిపే తీరును వీడియోగా తీసి అమ్మారు. దానితో ఈ పిచ్చి దేశమంతా పాకింది. ఆయనకు "డ్రిఫ్టు రాజు" అనే పేరు వచ్చింది. ఆ కనుమల్లో రాజులైనవాళ్ళ సంగతే కథలుగా చెప్పుకుంటారు. లోయల్లో పడినవాళ్ళ కథ ఎవరూ చెప్పరు. జపానులో కొన్ని కొండదారుల మలుపుల్లో కార్లు జారకుండా రోడ్డుమీద అడ్డంగా చిన్న గట్లు పోశారంటే, అక్కడ ఏం జరుగుతూ ఉండేదో మీరే గ్రహించండి. చివరకు త్సుచియాయే మరికొందరితో కలిసి డ్రిఫ్టును కొండలమీదనుంచి దింపి, కంచె వేసిన మైదానానికి తెచ్చాడు. 2001 నుంచి అక్కడ దానికి సక్రమమైన పోటీలు జరుగుతున్నాయి.

ఆ పోటీలను గురించి మీరు వింతపడే సంగతి ఒకటుంది. ఎవరు ముందు గమ్యం చేరారన్నది అక్కడ లెక్కలేదు! న్యాయనిర్ణేతలు నాట్యపోటీకి వేసినట్టు మార్కులు వేస్తారు. కారు ఎంత వాలుగా జారింది, ఎంత వేగంతో వచ్చింది, చెప్పిన గీతమీదుగా పోయిందా, జారుడు మధ్యలో తెగిందా అని చూస్తారు. ఎందుకంటే జారే కారు వేగంగా పోదు. టైర్ల బలమంతా పొగ కింద పోతుంది. తారురోడ్డుమీద త్వరగా గమ్యం చేరదలచినవాడు జారకుండానే పోతాడు. మట్టిదారుల్లోనూ మంచుమీదా జరిగే ర్యాలీలలో మాత్రం జారుడు పనికివస్తుంది.

1995లో ష్యుయిచి షిగెనో అనే చిత్రకారుడు "ఇనీషియల్ డి" అనే బొమ్మలకథ మొదలుపెట్టాడు. అది 2013దాకా సాగింది. అందులో హీరో హైస్కూలు కుర్రవాడు. వాళ్ళ నాన్నకు టోఫు దుకాణం. టోఫు అంటే సోయాచిక్కుడు పాలను విరగ్గొట్టి చేసే, మన పన్నీరులాంటి పదార్థం. ఆ అబ్బాయి తెల్లవారకముందే పాత టయోటా కారులో టోఫు వేసుకుని కొండమీది హోటలుకు అందించి రావాలి. టోఫు చితికిపోతే వాళ్ళ నాన్న ఊరుకోడు. అంచేత ఆయన కారులో ఒక కప్పు నిండా నీళ్ళు పోసి పెడతాడు. కారు ఎంత వేగంగా పోయినా, ఎన్ని మెలికలు తిరిగినా నీళ్ళు ఒలకకూడదు! అదీ ఆ తండ్రి పెట్టిన బడి. కథ కల్పితమే. ఆ కారు మాత్రం నిజంగా ఉంది. 1983నుంచి 1987దాకా తయారయింది. ఇంజను బలం వెనకచక్రాలకు అందే చిన్న కారది. జపానువాళ్ళు దానిని "హాచిరోకు" అంటారు. వాళ్ళ భాషలో ఎనిమిది-ఆరు అని అర్థం.

కప్పులో నీళ్ళ సంగతి నాకెందుకు నచ్చిందంటే, డ్రిఫ్టును చూసినవాళ్ళకు అది మోటుపనిగా కనిపిస్తుంది. పొగ, కీచుమనే చప్పుడు, గిరగిర తిరిగే స్టీరింగు. లోపల కూచున్నవాడి పని మాత్రం నిండుకుండ మోసేవాడి పనే. కుదుపు పనికిరాదు.

వీడియో ఆటల్లోకి ఈ జారుడు చాలాకాలం కిందటే వచ్చింది. నామ్కో కంపెనీవారి "రిడ్జ్ రేసర్" 1993 నాటిది. 2003లో వచ్చిన "నీడ్ ఫర్ స్పీడ్: అండర్‌గ్రౌండ్" లో వీధిపందేల మధ్య డ్రిఫ్టుకు విడిగా ఒక పోటీ పెట్టి, జారినదానికి మార్కులు వేశారు. నేను విన్నంతలో మన కుర్రవాడిదీ ఆ కోవ ఆటే. ఇప్పుడు అతని కిటుకు సంగతి చూద్దాం.

ముందు కంప్యూటరు కట్టిపెట్టి, ఇంట్లో ఉన్న చీపురుకర్ర తీసుకోండి. (అమ్మను అడిగే తీసుకోండి.) దాని కొసను అరచేతిలో నిలబెట్టి పడకుండా చూడండి. కర్ర కుడివైపుకు వాలితే మీ చెయ్యి కూడా కుడివైపుకే పోతుంది. అవునా? ఎడమకు లాగితే కర్ర ఇంకా త్వరగా పడుతుంది. జారే కారుకూ ఇదే సూత్రం. ఎడమ మలుపులో తోక కుడివైపుకు జారుతుంది. అప్పుడు స్టీరింగు కుడివైపుకే తిప్పాలి. మలుపు ఎడమకున్నదే, కుడికి తిప్పడమేమిటని చెయ్యి ఎదురుతిరుగుతుంది. తోక ఎటు పోతే స్టీరింగు అటు. ముందుచక్రాలు తోక కిందికి పరుగెత్తుకుపోయి దానిని నిలబెడతాయి, అరచెయ్యి కర్రను నిలబెట్టినట్టు.

కర్ర నిలబెట్టేటప్పుడు చాలామంది తమ అరచేతినే చూస్తూంటారు. అది పడిపోతుంది. పైకొసను చూసేవాడికే నిలబడుతుంది. ఆటలో కూడా కారు తోకనూ, పొగనూ చూస్తూ కూచోవద్దు. మలుపు దాటాక ఎక్కడికి పోవాలో అక్కడ చూపు పెట్టండి. ఎందుకంటే మన కళ్ళు చూసినదానికి చెయ్యి కదలడానికి కొంత వ్యవధి పడుతుంది. ఎంతో కొలుచుకోవచ్చు. స్నేహితుణ్ణి ఒక స్కేలు పైకొస పట్టుకుని వేలాడదీయమనండి. కింద సున్న దగ్గర మీ బొటనవేలూ చూపుడువేలూ తగలకుండా అటూ ఇటూ ఉంచండి. అతను చెప్పకుండా వదులుతాడు, మీరు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల గీత దగ్గర పట్టుకున్నారంటే మీకు పట్టిన కాలం సెకనులో అయిదో వంతు. చాలామందికి ఇంచుమించు అంతే పడుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ కాస్త సేపట్లో 4 మీటర్లు పోతుంది. తోక జారడం చూసి అప్పుడు స్టీరింగు తిప్పుదామంటే ఆలస్యమే. జారబోతున్నదని తెలియాలి.

నిజం కారు నడిపేవాడికి ఆ కబురు నడుముకు తెలుస్తుంది. సీటు పక్కకు పోవడం ఒంటికి తగులుతుంది. కుర్చీలో కూచుని ఆడేవాడికి ఆ సదుపాయం లేదు. కాని చెవులున్నాయి. చాలా ఆటల్లో టైరు పట్టు పూర్తిగా పోకముందే కీచుమంటుంది. ఆ కూత సన్నగా ఉన్నప్పుడు ఒకలాగ, పట్టు తప్పాక ఒకలాగ వినిపిస్తుంది. పాటలు పెట్టుకుని ఆడే అలవాటుంటే, నేర్చుకునే రోజుల్లో పాటలు ఆపండి. దీనివల్ల ఎంత మేలో రెండు రోజుల్లో మీకే తెలుస్తుంది.

ఇక చేతిపని. వెనకచక్రాలు తోసే కారునే ఎంచుకోండి. మన ఊళ్ళో తిరిగే చిన్నకార్లలో చాలావాటికి ఇంజను బలం ముందుచక్రాలకే అందుతుంది. అలాంటి కారులో యాక్సిలరేటరు ఎంత అదిమినా తోక జారదు. వెడల్పయిన మలుపు ఒక్కటి చూసుకుని, అక్కడే పడి ఉండండి. ఊరంతా తిరగవద్దు. మలుపుకు ముందు కాస్త బ్రేకు నొక్కండి. బస్సు బ్రేకు వేస్తే మనమంతా ముందుకు తూలుతాం గదా! అలాగే కారు బరువు ముందుకు ఒరిగి, తోక తేలికపడుతుంది. అప్పుడు స్టీరింగు మలుపులోకి తిప్పి, హ్యాండ్‌బ్రేకు బటను ఇలా తాకి అలా వదలండి. తోక కదిలిందా, వెంటనే స్టీరింగు తోకవైపుకు. యాక్సిలరేటరు సగం మీద ఉంచండి. అదిమితే తోక ఇంకా జారుతుంది, పూర్తిగా వదిలితే జారుడు తెగిపోతుంది. జారుడు పొడుగంతా ఆ వేలిలో ఉంది.

అందరూ తప్పేది ఇక్కడ కాదు, బయటపడేచోట. తోక వెనక్కు రావడం మొదలుపెట్టగానే, అది పూర్తిగా వచ్చేదాకా ఆగకుండా స్టీరింగు తిన్నగా చేసెయ్యాలి. ఆలస్యమైతే కారు ఉయ్యాలలాగా రెండోవైపుకు విసిరికొడుతుంది. ఆ రెండో ఊపు మొదటిదానికన్న జోరుగా ఉంటుంది. గోడకు తగిలితే ఇటువంటి ఆటల్లో ఆ జారుడుకు వచ్చిన మార్కులు పోతాయి. కీబోర్డుతో ఆడేవాళ్ళకు ఇంకో కష్టం. స్టీరింగు కొంచెం తిప్పడమంటూ ఉండదు, ఉంటే పూర్తిగా, లేకపోతే లేదు. వాళ్ళు మీటను నొక్కిపట్టకుండా మృదంగంమీద వేళ్ళలాగా టకటక తట్టాలి.

వందసార్లు తప్పితేగాని ఇది రాదు. ఆటకున్న పెద్ద గుణం ఇదే. గోడకు కొట్టుకున్న కారు మరుక్షణం నిగనిగలాడుతూ మళ్ళీ గీతమీద నిలబడి ఉంటుంది. గంటలో వందసార్లు తప్పవచ్చు. టైర్ల ఖర్చు లేదు, దెబ్బ లేదు.

అయితే ఆట మనకు అబద్ధాలు కూడా చెబుతుంది. చాలా ఆటల్లో కారు గిర్రున తిరగబోతే, మనకు తెలియకుండా అది కొంచెం పట్టి ఆపుతుంది. "రిడ్జ్ రేసర్" లాంటివాటిలో జారిన కారు దానంతట అదే దారిలో పడుతుంది. పైగా జారితే త్వరగా పోవచ్చుననే భ్రమ కలిగిస్తుంది. ఆడేవాడికి సరదాగా ఉండాలి గనక ఇలా చేస్తారు, అందులో నేరమేమీ లేదు. కాని ఆట పట్టి ఆపిందాన్ని తానే ఆపాననుకునేవాడు తయారవుతాడు. మన కుర్రవాడి పెదనాన్నగారి అబ్బాయి అలాంటివాడేమో!

ఇప్పుడు మోటారుసైకిలు సంగతి. కారు జారినప్పుడు నిలబెట్టవలసిన కర్ర ఒక్కటే, తోక తిరుగుడు. నాలుగు చక్రాలమీద ఉంది గనక కారు పక్కకు పడిపోతుందనే బెంగ సాధారణంగా లేదు. మోటారుసైకిలుకు రెండు కర్రలు. తోక తిరుగుడు ఒకటి, పక్కకు ఒరగడం ఒకటి. రెండూ ఒక్క చేతిలో, ఒకేసారి. మలుపులో బండి ఎలాగూ లోపలివైపుకు వాలి ఉంటుంది. వెనకచక్రం జారిందంటే ఆ వాలినవైపుకే నేల కరుస్తుంది.

అది మేలైన పాటు. ఇంకొకటి ఉంది. చక్రం జారగానే బెదిరి, పట్టుకున్న బ్రేకు వదిలేశాడనుకోండి. పక్కకు పోతున్న చక్రానికి ఉన్నట్టుండి పట్టు దొరుకుతుంది. అప్పుడు బండి ఒక్క కుదుపుతో నిటారుగా లేచి, మీదున్నవాళ్ళను అవతలివైపుకు గిరవాటు వేస్తుంది. నడిపేవాడికి పట్టుకోవడానికి హ్యాండిలన్నా ఉంది. వెనక కూచున్నవాడికి అదీ లేదు. వాడికి తోక జారబోతున్నదని తెలిసే దారి కూడా లేదు, ఎందుకంటే బ్రేకు వాడి కాలికింద లేదు. పైగా చెరువుగట్టు రోడ్డు! మలుపుల దగ్గర ఇసకా గులకా పేరుకుని ఉంటాయి. అటు పక్క గట్టు వాలు. ఎదురుగా గడ్డిమోపుతో ఎవరో వస్తూ ఉంటారు, ఆ మనిషి ఏ ఆటలోనూ చేరలేదు. తకహాషి అంతటి మోటారుసైకిలు వీరుడు డ్రిఫ్టులో పేరు తెచ్చుకున్నది నాలుగు చక్రాల కారుతో, అదీ కంచె వేసిన మైదానంలో.

పెద్దవాళ్ళతో వాదనకు దిగేవాళ్ళకు చట్టం కూడా చెబుతాను. మోటారు వాహనాల చట్టంలో 189వ సెక్షన్ అని ఉంది. అనుమతి లేకుండా నలుగురూ తిరిగే చోట వేగపందేలు పెట్టడం దాని ప్రకారం నేరం. 2019లో జరిగిన సవరణతో మొదటిసారికే 3 నెలలదాకా జైలుగాని, 5,000 రూపాయలదాకా జరిమానాగాని, రెండూగాని వెయ్యవచ్చు. అదే సవరణలో మీ ఈడువాళ్ళ మాట కూడా ఉంది. పద్ధెనిమిదేళ్ళు నిండనివాడు బండి నడిపి నేరం చేస్తే, వాడి పెద్దలకో బండి యజమానికో 3 సంవత్సరాలదాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఆ అన్నగారి లైసెన్సు సంగతి నాకు ఉత్తరంలో రాయలేదు.

సరే, బొమ్మకారు ఇంకా పలక దగ్గరే ఉందిగదా? మీకు రెండు ప్రశ్నలు ఇస్తున్నాను. నాలుగు చక్రాలూ బిగించి వదిలితే కారు ఎలా దిగుతుంది? వెనకచక్రాలు మాత్రమే బిగించి, ముక్కు పైకీ తోక కిందికీ ఉండేలా పెట్టి వదిలితే అది మధ్యలో తిరుగుతుందా, తిరగదా? ఒక్కొక్కటి పదేసిసార్లు చేసి, ఎన్నిసార్లు ఏం జరిగిందో పోస్టుకార్డుమీద రాయండి. ఊహించింది వద్దు, చూసింది రాయండి. వచ్చే నెల ఈ పేజీలో చూద్దాం.